లైసెన్సు సరే, గేటు దాటేదెలా?

మధిర, బోనకల్, ఎర్రుపాలెం వైపు స్టీరింగ్ పట్టడం రాని కుర్రాడు అరుదు. పొలంలో ట్రాక్టరుతో మొదలవుతుంది, తర్వాత బాబాయి ఆటో, ఆ తర్వాత డీసీఎం. డిగ్రీ పూర్తయ్యి ఏ ఉద్యోగమూ రాకపోతే ఇంట్లో వాళ్లు "డ్రైవింగ్ ఉందిగా" అంటారు. ఏదీ దొరకని వాడి పని అన్నట్టుగానే చూస్తారు. అందుకే దాన్ని శ్రద్ధగా నేర్చుకునేవాళ్లూ తక్కువ.

మన ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో నిలకడైన జీతాలిచ్చే చోట్లు చూడండి. సత్తుపల్లి, మణుగూరు ఓపెన్‌కాస్టు గనులు, పాల్వంచ కేటీపీఎస్ విద్యుత్ కేంద్రం, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం, అశ్వాపురం మండలంలో భారజల కర్మాగారం, సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు. అన్నిటికీ గేట్లున్నాయి. బండి తోలడం వచ్చా అని అక్కడెవరూ అడగరు, వచ్చే ఉంటుందనుకుంటారు. లోపల ఎవరికీ దెబ్బ తగలకుండా తోలగలవా, ఆ సంగతి రుజువు చేసే కాగితం ఉందా అని అడుగుతారు. మన కుర్రాళ్లు తడబడేది అక్కడే.

గేటు దగ్గర అడిగే ఆ నేర్పునే డిఫెన్సివ్ డ్రైవింగ్ అంటారు, అంటే ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే లెక్కేసుకుని తోలడం. అమెరికాలో నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ 1964లో దీన్ని ఒక కోర్సుగా మొదలుపెట్టింది. అయితే దీనికి మధిర–వైరా రోడ్డును మించిన బడి ఉండదని నా నమ్మకం. సంక్రాంతి దాటాక మిరప కోతలు ఊపందుకుంటాయి. ఏజెన్సీ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు దిగుతారు. తెల్లారకముందే ఒక్కో ఆటోలో పట్టనంత మంది. పత్తి లోడు ట్రాక్టర్లకు వెనక లైటుండదు, రిఫ్లెక్టర్ స్టిక్కరూ ఉండదు. ఖమ్మం మార్కెట్‌కు వెళ్లే మిర్చి లారీ చేను గట్టు దగ్గర ఉన్నట్టుండి ఆగుతుంది. వీటిలో ఏదీ మీ తప్పు కాదు, గుద్దుకుంటే పోయేది మాత్రం మీ ప్రాణం.

అందుకే మొదట నేర్చుకోవాల్సింది దూరం. ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటగానే నింపాదిగా మూడు సెకన్లు లెక్కపెట్టండి. ఈలోపే మీరూ స్తంభం దగ్గరికొచ్చేస్తే మరీ దగ్గరగా ఉన్నట్టు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు. లోడుంటే, వాన పడితే ఇంకా వదలాలి. బ్రేకు పట్టాక బండి సాగే దూరం వేగంతో సమానంగా పెరగదు: 30లో ఉన్నదానికి 60లో రెండింతలు కాదు, నాలుగింతలు. ఈ ఒక్క లెక్క ఒంటబట్టినవాడు ఓవర్‌టేక్‌కు తొందరపడడు.

నిద్ర సంగతీ చెప్పాలి. మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటల పని అని 1961 చట్టమే చెప్పింది. రాత్రంతా తోలి పొద్దున్నే మళ్లీ లోడెక్కించుకోవడం మన దగ్గర మగతనంగా చలామణీ అవుతోంది. సేఫ్టీ తెలిసిన కంపెనీలో అలా చెప్పుకున్నవాణ్ణి పనిలోకి తీసుకోరు.

గని గేటు లోపలి లోకం వేరు. పద్దెనిమిది నిండనివారికి ప్రవేశం లేదు. 1966 నాటి వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం ముందు శిక్షణ కావాలి. సింగరేణి ప్రాంతంలో ఈ శిక్షణనే వీటీసీ అంటారు. కాంట్రాక్టరు టిప్పర్ తోలేవాడికీ అది తప్పదు. వంద టన్నుల డంపర్ ఆపరేటర్ మేడ మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు, ముందు టైర్ల దగ్గరున్న జీపు అతనికి కనబడదు. అందుకే లోపల తిరిగే చిన్న బండ్లకు పొడుగాటి కర్రకు జెండా కడతారు. బయట రోడ్డు మీద పెద్ద బండివాడే మనల్ని చూసుకుంటాడనుకుంటాం. ఇక్కడ అతనికి కనబడేలా ఉండడం చిన్న బండివాడి బాధ్యత. ఈ తేడా తెలుసుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి.

ఇంకో మాట. సత్తుపల్లి బొగ్గు ఒకప్పుడు లారీల మీద రోడ్డు వెంట కొత్తగూడెం వైపు పోయేది. సుమారు 54 కిలోమీటర్ల రైల్వే లైను వేశాక బొగ్గు రైలెక్కింది. బొగ్గు లారీనే నమ్ముకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఒకే రకం లోడు మీద బతుకు పెట్టుకోకండి.

లైసెన్సు వరస ఇలా ఉంటుంది. 18కి లైట్ లైసెన్సు, కనీసం ఏడాది దానిమీద తోలాక, 20 నిండితే హెవీ. 7,500 కిలోల లోపు రవాణా బండ్లకు లైట్ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది కాబట్టి డీసీఎం తోలేముందు ఆర్సీలో దాని బరువు చూసుకోండి. పెట్రోలు, గ్యాస్ ట్యాంకర్లకు ఇది వర్తించదు. వాటికి ప్రమాదకర సరుకుల మీద మూడు రోజుల శిక్షణ తీసుకుని లైసెన్సు మీద ఎండార్స్‌మెంట్ వేయించుకోవాలి. కొండపల్లి ఆయిల్ డిపోలు మధిరకు దూరమేం కాదు. చిన్న కోర్సే అయినా చాలామంది చేయరు, చేసినవాడికి పోటీ తక్కువ. ఆర్టీసీ మీద ఆశ ఉన్నవాళ్లు హెవీ లైసెన్సు ఆలస్యం చేయొద్దు, అనుభవం లెక్కలోకి వస్తుంది. 2025లో వచ్చిన నోటిఫికేషన్‌లో డ్రైవర్ పోస్టులే 1,000. పద్ధతిగా నేర్చుకోవాలంటే సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో టైడ్స్ అనే డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది.

డిప్లొమా, డిగ్రీ చదివినవారికి మరో దారి సేఫ్టీ ఆఫీసర్. 1948 ఫ్యాక్టరీల చట్టం వెయ్యి మంది కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను ఫ్యాక్టరీలకు 500కు తగ్గించింది, గనులకు 100 అని పెట్టింది. అంటే కొలువులు పెరగాలి. ఇంజనీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా, లేదా ఫిజిక్స్, కెమిస్ట్రీ డిగ్రీ ఉండి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా అనుభవం గడించి, ఆపైన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేయాలన్నది ఇన్నాళ్ల పద్ధతి. చెన్నై రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఏడాది కోర్సు నడుపుతుంది. "పదిహేను రోజుల్లో సేఫ్టీ ఆఫీసర్" అనే ఫ్లెక్సీలు చూసి డబ్బు కట్టేముందు, ఆ సర్టిఫికెట్‌ను ఫ్యాక్టరీల శాఖ ఒప్పుకుంటుందా అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు నసిగితే లేచి వచ్చేయండి. పనిచేసే చోటి కార్మికుల భాష వచ్చి ఉండాలన్నది కూడా ఈ ఉద్యోగానికి ఒక అర్హతే. గ్రానైట్ యూనిట్లో దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో కూలీకి తెలుగులో చెప్పగలవాడికి అది కలిసొస్తుంది.

గల్ఫ్ వెళ్లేవాళ్లు ఒమన్ సంగతి తెలుసుకోవాలి. అక్కడి చమురు క్షేత్రాల్లో డిఫెన్సివ్ డ్రైవింగ్ పర్మిట్ లేనిదే బండి ఇవ్వరు. ట్రేడ్ టెస్టులో ఇంజన్ స్టార్టు చేయకముందే మార్కులు పడుతుంటాయి. బండి చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు, లీకేజీలు చూశారా, బెల్టు పెట్టుకున్నారా, అద్దాలు సరిచేసుకున్నారా అని గమనిస్తారు. ఏజెంటుకు పైసా ఇచ్చే ముందు అతని లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో చూడండి. లేదంటే నేరుగా రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోండి.