పాత కారు కొనుగోలు – గుర్తింపు, పూర్వచరిత్రల పరిశీలన

పాత కారు కొనేవారు ధరను, ఇంజను శబ్దాన్ని శ్రద్ధగా పరీక్షిస్తారు. కాగితాలలో పేర్కొన్న కారు ఇదేనా, దీనిపై మరొకరికి హక్కు ఉన్నదా అన్న ప్రశ్నలు మాత్రం వెనుకబడతాయి. దొంగిలించిన కారునో, ఋణం తీరని కారునో కొన్నవారికి ఇటు సొమ్ము, అటు బండి రెండూ దక్కకపోవచ్చును.

రాయ్‌పూర్ నుండి జగదల్‌పూర్ మీదుగా భద్రాచలం వైపు 30వ నంబరు జాతీయ రహదారి వస్తున్నది. రాయ్‌పూర్‌లో కారు కొని తెలుగు రాష్ట్రాలకు తేదలచినవారు ఈ క్రింది అంశాలను గమనించవలెను.

1. ఛాసిస్ నంబరు: ఇప్పటి కార్లకు ఇది 17 స్థానాలు గలది. ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ, క్యూ ఇందులో ఉండవు. నంబరుపై పలుచని కాగితం ఉంచి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. దానిని ఆర్.సి.తో అక్షరం అక్షరం పోల్చాలి. ఇంజను నంబరునూ సరిచూడాలి. అరగదీసిన గుర్తులు, కొత్త వెల్డింగు, వరుస తప్పిన అంకెలు కనబడితే బేరం విరమించుట మేలు.

2. ప్రభుత్వ నమోదు: సీజీ 04 రాయ్‌పూర్ సంకేతం. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు ఇచ్చి నమోదు తేదీ, బీమా గడువు మొదలగు వివరాలు చూడవచ్చును. అమ్మే వ్యక్తి ఆర్.సి.లోని యజమాని అవునో కాదో గుర్తింపు కార్డుతో నిర్ధారించుకోవాలి. బీమా సంస్థ వద్ద ప్రమాద క్లెయిముల వివరాలు, వర్క్‌షాపు వద్ద సర్వీసు రికార్డు అమ్మకందారు ద్వారా కోరాలి.

3. బ్యాంకు ఋణం: ఆర్.సి.లో హైపోథికేషన్ నమోదై ఉంటే ఋణదాత సమ్మతి లేనిదే యాజమాన్యం మారదు. ఉదాహరణకు, ధర రూ. 3,00,000, ఋణ బకాయి రూ. 1,10,000 అనుకొందాం. బకాయి సొమ్మును నేరుగా ఋణ ఖాతాలో జమచేసి రసీదు పొందాలి. బ్యాంకు సంతకంతో ఫారం 35 తీసుకొని, ఆర్.సి.లోని నమోదును రద్దు చేయించిన పిమ్మటే మిగిలిన రూ. 1,90,000 చెల్లించుట క్షేమం.

4. బదిలీ: బండిని మరొక రాష్ట్రానికి తేవాలంటే 1988 మోటారు వాహనాల చట్టం 48వ సెక్షను క్రింద ఫారం 28తో నిరభ్యంతర పత్రం పొందాలి. దీనిని ఇచ్చే ముందు రవాణా అధికారి దొంగతనం కేసు లేదని పోలీసుల నివేదిక తీసుకొంటారు; పన్ను బకాయిలను సరిచూస్తారు. యాజమాన్య బదిలీకి ఫారాలు 29, 30 అవసరం. కొన్నవారు 30 రోజులలోగా తెలియజేయాలి. 12 నెలలకు మించి కొత్త రాష్ట్రంలో ఉంచదలచితే అక్కడి నంబరు తీసుకోవాలి.

డీలర్లకు సూచన: 2023 ఏప్రిల్ 1 నుండి పాత వాహనాల డీలర్లకు రవాణా శాఖ అధికార పత్రం అవసరం. ఆ పత్రాన్ని కొనుగోలుదారు అడిగి చూడవచ్చును.

అమ్మకందారుకూ బదిలీ ముఖ్యమే. బండి చేతులు మారినా, రికార్డులో పేరున్న యజమానియే ప్రమాద పరిహారానికి బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది.

కనుక ముందు పరిశీలన, పిదప బయానా. ఈ క్రమం తప్పనివారు నష్టానికి దూరంగా ఉంటారు.