పరిశోధన: ర్యాంకర్ల సొత్తూ కాదు, మిగిలినవాళ్ల గతీ కాదు

మూడేళ్ల కిందట మే నెలలో నాగాయలంక అవతలి పల్లె నుంచి తండ్రీ కూతుళ్లు నా దగ్గరికి వచ్చారు. అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులే వచ్చాయి. ఎంసెట్ ర్యాంకు మాత్రం తండ్రి అనుకున్నంత రాలేదు. ఆయన సంచిలోంచి మార్కుల లిస్టులు తీస్తుంటే వాటితో పాటు ఒక రూళ్ల పుస్తకం జారి టేబుల్ మీద పడింది. "అది కాదులెండి, దాని పిచ్చి రాతలు" అంటూ ఆయన వెనక్కి తీసుకోబోతే నేనే అడిగి తీసుకున్నాను.

పేజీకి నాలుగు గళ్లు. ఇంటి బోరు, పక్కింటి బోరు, గుడి దగ్గర చేతిపంపు, చేపల చెరువు గట్టు మీద బోరు. ఎనిమిదో తరగతి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం నాలుగు చోట్లా నీళ్లు నోట్లో వేసుకుని చూసి తీపి, చప్ప, ఉప్పన, కషాయం అని రాసుకుంది. పక్కనే కాలువకు నీళ్లు వదిలిన తేదీ, కట్టేసిన తేదీ. పదో తరగతి దాకా ఒక్క నెల తప్పలేదు. ఆ తర్వాత రెండేళ్లూ గళ్లన్నీ ఖాళీ. ఆ రెండేళ్లూ అమ్మాయి బెజవాడ హాస్టల్లో ఉంది.

"కాలువ కట్టేసిన నలభై రోజులకు మా బోరు ఉప్పెక్కుతుందండీ. చెరువు గట్టు బోరు ఇంకా ముందే. ఎందుకో తెలియదు" అంది.

పాతికేళ్లుగా పిల్లలకూ తల్లిదండ్రులకూ చదువుల దారులు చెబుతున్నాను. ఆ "ఎందుకో తెలియదు" అన్న మాట నా గదిలో వినపడటం చాలా అరుదు. తెలియనిదాన్ని ఒప్పుకుని, దాని వెనక ఏళ్ల తరబడి నడవడమే పరిశోధన. దాన్నొక ఉద్యోగంగా, జీతమొచ్చే వృత్తిగా చూడటం మన డెల్టాలో ఇంకా అలవాటు కాలేదు. పీహెచ్‌డీ అనగానే ఇక్కడ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి: అది ఐఐటీ ర్యాంకర్లకే, మనవాడికి అంత బుర్ర లేదు. రెండు: ఎక్కడా ఉద్యోగం రానివాళ్లు కాలక్షేపానికి చేసే చదువు. ఒకే తండ్రి నోట పది నిమిషాల తేడాలో ఈ రెండూ విన్నాను. రెండూ తప్పే. మొదటిది ఎక్కువ నష్టం చేస్తోంది.

ర్యాంకు మాట ఎత్తేవాళ్లకు నేను గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి గురించి చెబుతాను. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి, బదిలీలెక్కువ. అందువల్ల ఆయన చిన్న క్లాసులు కొన్ని మన నూజివీడులో, నందిగామలో సాగాయి. ఆ బడుల వీధుల్లోనే ఇవాళ ఆరో తరగతి పిల్లలకు ఫౌండేషన్ కోర్సులంటూ బోర్డులు వేలాడుతున్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి తల్లి లేపి దీపం వెలిగించేదని ఆయన పెద్దయ్యాక రాసుకున్నారు. ఆ గంటలు మోడల్ పేపర్ల కోసం కావు, ప్రశాంతంగా చదువుకోవడం కోసం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలుసుకుని, 1941లో శిక్షణకు చేరారు.

తర్వాత జరిగింది మన పిల్లలకు కథలా చెప్పదగ్గది. రావు గారు పాఠం చెబుతున్నారు. శాంపిల్ చాలా పెద్దదైతేనే నిలబడే ఒక ఫలితాన్ని వివరిస్తుంటే, క్లాసులోంచి దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిల్ అయితే ఏమవుతుందని అడిగాడు. "సిలబస్‌లో లేదు, కూర్చో" అనలేదు ఆయన. ఇంటికెళ్లి రాత్రంతా కూర్చుని లెక్క తేల్చారు. అదే 1945లో అచ్చయిన వ్యాసంలోకి వెళ్లింది. చేతిలో ఉన్న వివరాలతో కట్టే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో, ఆ కచ్చితత్వానికి గట్టు ఎక్కడుందో చెప్పే క్రామర్–రావు సూత్రం అందులోనిదే. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. పేరు ముందు డాక్టర్ లేదు. కేంబ్రిడ్జి పీహెచ్‌డీ 1948లో వచ్చింది. ఆ వ్యాసంతో మొదలైన కృషికి 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని అదే ఏడాది కన్నుమూశారు. ప్రశ్న అడిగిన వి.ఎం. దండేకర్ దేశంలో పేదరికాన్ని కొలిచిన పెద్ద ఆర్థికవేత్త అయ్యారు.

మన రెసిడెన్షియల్ కాలేజీల్లో దండేకర్ లాంటి కుర్రాడు లేచి ప్రశ్న అడిగితే ఏమవుతుందో పిల్లల్ని అడగండి, చెబుతారు. పొద్దున్న అయిదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఈ మధ్య ఒక అబ్బాయికి నేను బ్యూరెట్ బొమ్మ చూపించి, దీని కుళాయి ఏ చేత్తో తిప్పుతావని అడిగాను. రెండేళ్లలో ల్యాబులోకి నాలుగుసార్లే వెళ్లామన్నాడు, అదీ ప్రాక్టికల్స్ ముందు వారంలో. కెమిస్ట్రీలో వాడికి తొంభై ఎనిమిది శాతం. ఇలాంటి పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు. వాళ్ల చేతుల్ని మనం కట్టేశాం. లక్షలు పోసి మరీ కట్టించాం. తమ బిడ్డ ఫెయిలైతే బతుకే పోయినట్టు చూసే అమ్మానాన్నలకు ఒక్క మాట: భీమవరంలో పుట్టి ప్రపంచానికి మందులిచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ గట్టెక్కింది మూడోసారికి.

పరిశోధన ఎక్కడో అమెరికా ల్యాబుల్లో జరిగేదనుకునేవాళ్లు పొద్దున తిన్న అన్నం చూసుకోవాలి. మనం బీపీటీ అని పిలిచే సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్లలో తయారై 1986లో విడుదలైన వంగడం. ఆ మూడక్షరాలూ బాపట్లవే. దానికున్న పెద్ద జబ్బు బాక్టీరియా ఎండాకు తెగులు. హైదరాబాదులోని సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి, రుచీ సన్నదనమూ చెడకుండా తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని ఆ వంగడంలోకి చేర్చారు. 2008లో విడుదలైన ఆ మెరుగైన సాంబ మసూరి వెనక జన్యుశాస్త్రం చదివినవాళ్లున్నారు, మోకాలి లోతు బురదలో దిగి ఆకులు లెక్కపెట్టినవాళ్లూ ఉన్నారు. మాగాణి మినుములో రైతులు అడిగే ఎల్‌బీజీ రకాలు గుంటూరు పక్క లాం ఫారం నుంచి వచ్చినవి. బైపీసీ పిల్లలకు నీట్ తప్ప లోకం లేదనే తల్లిదండ్రుల్ని నేను మొదట బాపట్ల వ్యవసాయ కళాశాల చూసి రమ్మంటాను. వైద్యం సీటు కోసం మూడో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగులో కూర్చోబెట్టడం కంటే అది నూరు రెట్లు మేలు. మూడో లాంగ్‌టర్మ్ ఏ పిల్లకూ వద్దు. ఈ మాట దగ్గర నేను మెత్తబడను.

ఇక ఆర్ట్స్ మాట. మన ఊళ్లలో హెచ్‌ఈసీ అనగానే ముఖం తిప్పుకుంటారు. కానీ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాల మీద. భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లు జిల్లా జిల్లాకూ వెళ్లి, నాగలిలో ఏ ముక్కను ఎక్కడ ఏమంటారో రైతుల నోట విని రాసుకున్నారు. తర్వాతి సంపుటం చేనేత మీద. ఇలాంటి పని ఇప్పుడు ఎవరు చేయాలి? పెడనలో కలంకారీ అద్దకం ఇంట్లో పుట్టిన కుర్రాడొకడు నాకు తెలుసు. బట్టను కరక్కాయ నీళ్లలో ఏ రంగుకు ఎంతసేపు నానబెట్టాలో వాడికి చేతి లెక్క. వాడికి కంప్యూటర్ కోర్సే గతి అని ఇంట్లో తేల్చేశారు. ఆ పనిలోని మాటలు, అచ్చుల పేర్లు, పోతున్న రంగులు కాగితం మీదికి ఎక్కించడానికి వాడికంటే అర్హుడెవరు? బందరులో స్థిరపడ్డ డచ్చి కంపెనీ రాసుకున్న కాగితాలు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో భద్రంగా ఉన్నాయి. తెలుగూ, పాత డచ్చీ రెండూ చదవగల మనిషి దొరకడం కష్టం. చరిత్ర మీద ఆసక్తి ఉన్న పిల్లకు ఇది ఖాళీగా ఉన్న పొలం లాంటిది. బెజవాడలోనే 1911లో పుట్టిన రామమోహన గ్రంథాలయముంది. ఒక్కసారి తీసుకెళ్లి కూర్చోబెట్టండి, ఆ పిల్ల పాత పత్రికలు తిరగేస్తుందో ఫోను తిరగేస్తుందో మీకే తెలుస్తుంది.

పీహెచ్‌డీకి అర్హతలు ఒక్క ముక్కలో: పీజీలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50, లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉండాలి, కోర్సు మూడేళ్ల నుంచి ఆరేళ్లు.

అసలు చెప్పాల్సింది డబ్బు సంగతి. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. అంటే చదువుకుంటున్నందుకు ప్రభుత్వమే పిల్లకు జీతమిస్తుంది. ఎకరం అమ్మి ఎమ్మెస్‌కు పంపే తండ్రికి ఈ లెక్క ఎవరూ చెప్పరు. అయితే పీహెచ్‌డీలో చేరిన ప్రతి ఒక్కరికీ ఇది రాదు. జేఆర్‌ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే వచ్చేది నెలకు రూ.8,000. చాలాచోట్ల అదీ ఉండదు, ఎదురు ఫీజు కట్టాలి. అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు గట్టిగా చెబుతాను: ఫెలోషిప్పో ప్రాజెక్టు జీతమో చేతిలో లేకుండా పూర్తికాలం పీహెచ్‌డీలో అడుగు పెట్టొద్దు. వచ్చిన ఫెలోషిప్ కూడా నెలనెలా ఒకటో తారీకున పడుతుందనుకోవద్దు. మూడు నాలుగు నెలలు ఆగి ఒకేసారి పడటం మామూలు. ఇంట్లో ఆ మాత్రం ఆసరా ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. కాలేజీల్లో ఉద్యోగం నిలవాలంటే పీహెచ్‌డీ కావాలనేసరికి, పేరు ముందు రెండక్షరాలు అమ్మే బేరగాళ్లు తయారయ్యారు. థీసిస్ రాసిపెడతాం, పేపర్లు అచ్చేయిస్తాం, వారంలో సర్టిఫికెట్ అంటారు. ఒక లెక్చరరమ్మ ఆర్నెల్ల జీతం అలా పోసి, చివరికి దొంగ పత్రికలో అచ్చయిన వ్యాసం కాపీదని తేలాక నా ముందు కూర్చుని ఏడ్చింది. అది ఆమె రాసింది కాదు, చదివింది కూడా కాదు. వారంలో అచ్చేస్తామనే ఏ పత్రికకూ పైసా కట్టొద్దు. నిజమైన పత్రిక మీ వ్యాసాన్ని నెలల తరబడి పట్టి చూస్తుంది, ఎర్రగా దిద్ది వెనక్కి పంపుతుంది. ఆ దిద్దుడే చదువు.

గైడును ఎంచుకోవడం పెళ్లి సంబంధం చూడటం కంటే జాగ్రత్తగా చేయాల్సిన పని. విశ్వవిద్యాలయం పేరు చూసి చేరిపోకుండా, ఆ గైడు దగ్గర ఇప్పుడున్న విద్యార్థుల్ని క్యాంటీన్లో కలవండి. ఎన్నేళ్లకు ముగించారు, మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, ఆడపిల్లలు ధైర్యంగా మాట్లాడగలుగుతున్నారా? ఈ మూడూ అడగండి. ఉద్యోగాల విషయం కూడా దాచను. విశ్వవిద్యాలయాల్లో శాశ్వత పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆగుతోంది. పీహెచ్‌డీ తర్వాత కంపెనీల ల్యాబులు, విత్తన సంస్థలు, డేటా పనులు, మ్యూజియాలు, ప్రచురణ సంస్థల వైపు వెళ్లడం ఓటమి కాదని ముందే మనసుకు నచ్చజెప్పుకోవాలి.

ఇప్పుడు కొత్త మోజు సైన్స్ చదువూ పరిశోధనా కలిసి సాగే కేంద్ర సంస్థ ఐసర్. తిరుపతిలో 2015లో ఒకటి వచ్చింది, మంచి సంస్థ, నాకిష్టమైనది. కానీ దాని ప్రవేశ పరీక్షకూ స్పెషల్ బ్యాచ్‌లని కరపత్రాలు కనిపిస్తున్నాయి. ఇంకో ర్యాంకు, ఇంకో ఫీజు. దయచేసి దీన్ని కూడా ఎంసెట్ చేయకండి. డిగ్రీ ఎక్కడ చదివినా వేసవిలో రెండు నెలలు దేశంలోని ఏదో ఒక ల్యాబులో శాస్త్రవేత్త పక్కన పనిచేసే అవకాశం సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఇస్తుంది. ఆ రెండు నెలల్లో పిల్లకు విసుగు పుడితే వెనక్కి వచ్చేయనివ్వండి. మీరు చేయాలనుకున్న పీహెచ్‌డీని పిల్ల చేత చేయించొద్దు.

"మరి పెళ్లి ఎప్పుడు చేసేదండీ?" అని ఆ నాగాయలంక తండ్రి కూడా అడిగారు. అప్పటికి అమ్మాయి వయసు పదిహేడు. నేను కొంచెం కటువుగానే జవాబిచ్చాను, తర్వాత నొచ్చుకున్నాను కూడా. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్లో ఎవరూ నడవని దారిలో కూతుర్ని పంపాలంటే భయపడ్డారు, అంతే. ఆ రోజు ఏమీ తేలలేదు. రెండు వారాల తర్వాత ఒక్కరే మళ్లీ వచ్చి, ఆ పుస్తకంలో రాతలకు ఏ చదువు పనికొస్తుందో కాగితం మీద రాసిమ్మన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు విశాఖలో బీఎస్సీ, జియాలజీ. ఊరు వదిలేముందు నాన్న చేత బెజవాడ గవర్నరుపేటలో నీళ్ల ఉప్పుదనం కొలిచే చిన్న మీటరు కొనిపించింది. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ నాలుగు చోట్లకూ వెళ్లి, అంకెలు చూసి, వాట్సాప్‌లో పంపేది ఆయనే. మొన్న ఫోన్ చేసి, గుడి దగ్గర చేతిపంపు ఈసారి పది రోజులు ముందే ఉప్పెక్కిందని, కారణమేమై ఉంటుందని నన్నడిగారు.