కణములోని కుంపటి

స్వర్ణముఖీ నదీతీరమున వెలసిన శ్రీకాళహస్తి వాయుక్షేత్రముగా ప్రసిద్ధి చెందినది. పంచభూతములలో వాయువునకు ప్రతీకయైన లింగము ఇచ్చట పూజ లందుకొనుచున్నది. గర్భాలయమున గాలి చొరకున్నను అచ్చటి దీపములలో నొకటి సదా కదలుచుండునని భక్తులు చెప్పుదురు. ఈ పట్టణమునకు మఱియొక ఖ్యాతియు కలదు. అది కలంకారీ. వెదురుకలముతో వస్త్రముపై పురాణగాథలను చిత్రించు కళాకారులు ఇచ్చట తరతరములుగా నివసించుచున్నారు. వారి యిండ్లలో నల్లరంగు కొఱకు ఊరవేసిన కుండ యొకటి కనబడును. ఈ పాఠమున మనము తెలిసికొనబోవు విషయమునకు ఆ కుండయే వాకిలి.

త్రుప్పు పట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో వేసి, కుండకు మూతపెట్టి, కొన్ని వారములు కదల్పక యుంచెదరు. ఆ నీరు పులియును. కంటికి కనబడని సూక్ష్మజీవులు బెల్లమును తిని బ్రతుకుచు దానిని పులుసుగా మార్చును. ఆ పులుసు ఇనుమును కరగించును. పాలును కరక్కాయయు పట్టించిన బట్టపై ఆ ద్రవముతో గీత గీచినచో అది నల్లబడును. దీనినే కసిమి యందురు.

కుండలోని సూక్ష్మజీవులకు గాలి చాలదు. అందువలన అవి బెల్లములోని చక్కెరను తుదివఱకు కాల్పజాలవు. పచ్చికట్టె సగము కాలి పొగయు బొగ్గును మిగిల్చినట్లు, సగము విరిగిన చక్కెర పులుసును మిగిల్చును. శక్తిలో అధికభాగము ఆ పులుసులోనే చిక్కుకొని యుండును. ఇట్లు గాలి లేక చక్కెరను సగములో విఱచుట పులియుట. గాలితో దానిని పూర్తిగా కాల్చుట శ్వాసించుట. ఈ రెండింటి భేదమును మనసున నుంచుకొనుడు.

మనము తిను అన్నము జీర్ణమై చక్కెరగా మారి రక్తములో చేరును. మనము పీల్చు గాలిలోని ఆమ్లజనియు రక్తములోనికే వచ్చును. ఈ రెండును కలిసికొను చోటు ఊపిరితిత్తులు కావు. శరీరమందలి ప్రతి కణములోను, ఎఱ్ఱరక్తకణములు తప్ప, సూక్ష్మమైన కుంపటులు కలవు. 1898వ సంవత్సరమున కార్ల్ బెండా అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనికి మైటోకాండ్రియా యని పేరుపెట్టెను. దారము, గింజ అను అర్థములుగల రెండు గ్రీకుమాటల కూర్పు అది. ఒక్కొక్క కణములో ఇవి వందలు మొదలు వేలవఱకు ఉండును. కంసాలి తన కుంపటిలోనికి గొట్టముతో గాలి ఊదినట్లు, మన ప్రతి శ్వాసయు ఈ కుంపటులకే చేరుచున్నది. అచ్చట చక్కెర తుదివఱకు కాలి బొగ్గుపులుసుగాలిగను నీరుగను మారును.

కాని కణములో మంట లేచినచో కణమే మాడిపోవును గదా! కుంపటిలో పుట్టిన శక్తి నిప్పుగా వెలువడదు. ఒక రసాయన పదార్థమున నిలువయగును. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు. క్లుప్తముగా ఏ.టి.పి. యందురు. సంతలో నాణెము చెల్లినట్లు, కండ కదలుటకును, నరము పనిచేయుటకును, కణము పెరుగుటకును ఇదియే చెల్లును. ఈ పదార్థమును కనుగొన్నవారిలో ఒక తెలుగువాడు కలడు. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, 1922లో అమెరికా చేరిన సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి కండలలోని భాస్వరమును శోధించుచు 1929లో దీనిని ప్రకటించెను. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోహ్‌మాన్ కూడ వేరుగా దీనిని కనుగొనెను.

ఇప్పుడు లెక్క చూడుడు. ఒక గ్లూకోసు అణువు పులిసినచో లభించునవి రెండు ఏ.టి.పి. నాణెములు మాత్రమే. అదే అణువు కుంపటిలో పూర్తిగా కాలినచో సుమారు ముప్పది లభించును. పరుగుపందెమున మీ కండలకు ఆమ్లజని చాలనప్పుడు అవియు కొంతసేపు పులియుటనే ఆశ్రయించి లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. ఆగి రొప్పినంతనే మరల శ్వాసకు వచ్చును. చక్కగా గాలి యందుచుండగా పులియబెట్టుకొను కణ మేదైన ఉండునా?

ఉన్నది. అదియే కాన్సరు కణము. మన పెద్దలు రాచపుండని భయపడిన ఆ వ్యాధిలో, శరీరపు కట్టుబాటును మీఱిన కణములు అదుపు లేక విభజించుకొనుచు పెరుగును. 1920 తరువాతి సంవత్సరములలో బెర్లిను నగరమున ఆటో వార్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకల కాన్సరు గడ్డలనుండి పలుచని ముక్కలు కోసి పరీక్షించెను. ఆమ్లజని సమృద్ధిగా ఇచ్చినను అవి గ్లూకోసును విశేషముగా మ్రింగి లాక్టిక్ ఆమ్లమును విడుచుచుండెను. కాళహస్తి కుండలోని సూక్ష్మజీవికి గాలి లేదను సాకు కలదు. ఈ కణమునకు అదియు లేదు. శ్వాసకు తోడ్పడు ఎంజైమును గూర్చిన పరిశోధనకై 1931లో నోబెల్ బహుమానము నందుకొన్న వార్‌బర్గ్, కుంపటి చెడుటయే కాన్సరునకు మూలమని నమ్మెను. 1956లో కూడ ఆ మాటనే గట్టిగా వ్రాసెను.

ఆయన చూచినది సత్యము. ఆయన చెప్పిన కారణము మాత్రము నిలువలేదు. గొప్పవాడు చూచిన దానిని, ఊహించిన దానిని వేరుచేసి పరీక్షించుట శాస్త్రమున తప్పనిసరి. పెక్కు కాన్సరు కణములలో కుంపటులు చెడలేదని, అవి మండుచునే యున్నవని తరువాతివారు కనుగొనిరి. మఱి పులియుట యెందులకు? ఇల్లు కట్టుకొనువాడు దూలములను పొయ్యిలో పెట్టడు. వాటిని కాల్చిన వేడి పుట్టునే కాని ఇల్లు లేవదు. త్వరత్వరగా రెండు కణములుగా చీలదలచిన కణమునకు శక్తి యొక్కటే చాలదు. గోడలకు క్రొవ్వును, జన్యుపదార్థమునకు ముడిసరుకును కావలెను. చక్కెరను బూడిద చేయక సగములో నిలిపినచో ఆ సరుకు కొంత చేతికందును. ఈ వివరణమే నేడు పలువురకు సమ్మతమైనది.

మైటోకాండ్రియాను గూర్చి మఱియొక వింత కలదు. కణమందలి జన్యువులలో దాదాపు అన్నియు కేంద్రకములో ఉండగా, ఈ కుంపటికి మాత్రము తనదైన చిన్న జన్యుగ్రంథము వేరుగా ఉన్నది. మానవునిలో దాని నిడివి 16,569 అక్షరముల జతలు. అందులోని జన్యువులు 37. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 1981లో దీనిని మొదటినుండి చివరివఱకు చదివిరి. ఏనాడో వేఱు సూక్ష్మజీవిగా నుండినది మఱియొక కణములో చేరి కాపురమున్నదని, అందుచేతనే దానికి ఈ సొంత ఆస్తి యున్నదని శాస్త్రజ్ఞులు నమ్ముచున్నారు. మన యింటిపేరు తండ్రినుండి వచ్చును. ఈ జన్యుగ్రంథము తల్లినుండి మాత్రమే వచ్చును. కూతుండ్లు దానిని తమ బిడ్డల కిత్తురు. కొడుకులతో ఆ వరుస ఆగిపోవును.

ఈ గ్రంథములో అచ్చుతప్పులు పడినచో కాన్సరు వచ్చునా? పెద్దప్రేగు కాన్సరుకు చెందిన పదివిధముల కణములను పరీక్షింపగా ఏడింట ఇట్టి తప్పులు కనబడినట్లు అమెరికా శాస్త్రజ్ఞులు 1998లో ప్రకటించిరి. కాని తప్పు ఉన్నంత మాత్రమున అదియే దొంగ యని నిర్ణయింపరాదు. వ్యాధి ముదిరిన పిదప వచ్చి చేరిన తప్పులును ఉండవచ్చును. 2000లో వెలువడిన మఱియొక ఫలితము ఇంతకంటె స్పష్టమైనది. మెడలో గడ్డలు వంశపారంపర్యముగా వచ్చు కొన్ని కుటుంబములలో, కుంపటిలో పనిచేయు సక్సినేట్ డీహైడ్రోజినేజు అను ఎంజైమునకు సంబంధించిన జన్యువే చెడియున్నదని తేలినది. ఆ జన్యువు కేంద్రకములోనిది. కుంపటి చెడుట గడ్డకు మూలమగుట అరుదుగానైనను నిజమే యన్నమాట. వార్‌బర్గ్ జీవించియున్నచో ఆ వార్తకు సంతోషించి యుండును.

2015లో జరిగిన పరీక్ష దీనికి ఎదురుదిక్కు చూపినది. మైటోకాండ్రియా జన్యుగ్రంథమును పూర్తిగా తొలగించిన కాన్సరు కణములను ఎలుకలలో ప్రవేశపెట్టగా అవి వెంటనే పెరుగలేకపోయినవి. ఆ ఎలుకల సొంత కణములనుండి మైటోకాండ్రియాను సంపాదించుకొన్న పిదపనే గడ్డలుగా పెరిగినవి. కుంపటి లేనిదే కాన్సరుకును కాపురము సాగదు.

ఈ కుంపటికి మఱియొక బాధ్యతయు కలదు. బాగుచేయరానంతగా చెడిన కణము, ఇతర కణముల క్షేమము కొఱకు తానుగా నశింపవలెను. ఆ నాశనమున కాజ్ఞ పెక్కుమార్లు మైటోకాండ్రియానుండియే వెలువడును. అందులోని సైటోక్రోము-సి యను ప్రోటీను వెలుపలికి వచ్చుటయే సంకేతమని 1996లో తెలియవచ్చినది. కాన్సరు కణములు ఈ యాజ్ఞ వెలువడకుండ తలుపులు మూసికొనును.

ఈ జ్ఞానము వైద్యమునకు ఉపకరించుచున్నది. స్వల్పమైన రేడియోధార్మికత గల గ్లూకోసువంటి పదార్థమును రోగి రక్తములోనికి ఎక్కింతురు. చక్కెరను ఎక్కువగా మ్రింగు గడ్డ దానిని తనలో కూడబెట్టుకొని చిత్రములో మెఱయును. మెదడు, గుండె కూడ ఇట్లే మెఱయును గనుక ఆ చిత్రమును నేర్పరియే చదువవలెను. దీనిని పెట్ స్కాన్ అందురు.

ఇదే జ్ఞానమును సగము తెలిసినవారు అపకారమును చేయుచున్నారు. చక్కెర మానినచో గడ్డ మాడి చచ్చునని చెప్పి రోగులకు అన్నము మాన్పించుట వినుచున్నాము. ఇది తప్పు. అన్నము మానినను కాలేయము ఇతర పదార్థములనుండి గ్లూకోసును తయారుచేయుచునే యుండును. కాన్సరు కణము ప్రోటీనులలోని గ్లుటమిను వంటి వానిని గూడ వాడుకొనగలదు. మాడునది రోగియే, చికిత్సను తట్టుకొను బలమును, చికిత్సకు తగిన సమయమును ఆతడే కోల్పోవును. కాళహస్తికి సమీపమున తిరుపతిలోనే కాన్సరునకు ప్రత్యేకమైన వైద్యశాల 2022లో ప్రారంభమైనది. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే అట్టి చోటికి పోవుట మేలు.

కణమునకు ముడిసరుకును అందకుండ చేయుట మాత్రము నిజముగనే ఫలించిన మార్గము. ఆ మార్గమున మరల సుబ్బారావే ఎదురగును. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలకు పోయెను. యౌవనమున సోదరుని స్ప్రూ యను వ్యాధి బలిగొనుట చూచిన ఆయన, ఆ వ్యాధికి మందుగా పనిచేయు ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు కృషికి నాయకుడయ్యెను. 1945లో అది సిద్ధించినది. కణము క్రొత్త జన్యుపదార్థమును అల్లుకొనుటకు ఈ ఆమ్లము అవసరము. దానితో జరుగు పనిలో కొంతభాగము మైటోకాండ్రియాలోనే నడచును. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను కూడ సుబ్బారావు బృందము తయారుచేసినది. వానిలో అమినోప్టెరినును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు లుకీమియాతో మరణించుచున్న పసివారికి ఇచ్చెను. పదునాఱుగురిలో పదుగురికి గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము కొన్ని నెలలే నిలిచినది. అయినను అంతవఱకు ఆ వ్యాధికి ఏ మందును ఆ మాత్రమైన పనిచేసి యుండలేదు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు తన యేబదిమూడవ యేట మరణించెను. అమినోప్టెరిను జాతికే చెందిన మెతోట్రెక్సేటు, ఇతర ఔషధములతో కలిసి, నేటికిని పిల్లల లుకీమియా చికిత్సలో వాడబడుచున్నది. పూర్తి చికిత్స లభించిన దేశములలో ఆ వ్యాధి సోకిన పిల్లలలో పదుగురికి సుమారు తొమ్మండుగురు బ్రతుకుచున్నారు.