చెల్లెలితో పెరిగిన దూరం తగ్గేదెలా?

ప్రశ్న: పాఠకురాలికి 26 ఏళ్లు, చెల్లెలికి 20. చిన్నప్పటి నుంచి ఇంట్లో ఇద్దరినీ పోల్చేవారు. ఇప్పుడు హాస్టల్ నుంచి వచ్చినా చెల్లెలు ముభావంగానే ఉంటోందని, దగ్గరయ్యే దారి చెప్పాలని అడిగారు.

జవాబు: తోబుట్టువుల పోటీకి తరచూ మూలం తల్లిదండ్రుల శ్రద్ధ తనకు తగ్గిపోతుందేమోనన్న భయమే. రెండో బిడ్డ రాకతో మొదటి బిడ్డ సింహాసనం కోల్పోయినట్లు భావిస్తుందని ఆస్ట్రియా మనోవైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937) వివరించారు. రెండో బిడ్డ బాధ వేరు: అక్క పేరు కొట్టేసి తన పేరు రాసుకున్న పాఠ్యపుస్తకం, కుట్లు బిగించి వేసుకున్న అక్క పరికిణీ, ఆపై "మీ అక్కను చూసి నేర్చుకో" అన్న మాట, ఇవన్నీ కలిసి అక్కను ఒక కొలబద్దగా మార్చేస్తాయి. ముభావం చాలాసార్లు ఆ కొలత నుంచి తప్పుకునే ప్రయత్నం.

అందువల్ల అక్క మొదట చేయవలసింది సలహాలు మానడం. చదువు, పెళ్లి ప్రస్తావన లేకుండా వారానికోసారి పది నిమిషాలు ఫోన్లో మాట్లాడటం, చెల్లెలికి బాగా తెలిసిన విషయంలో ఆమె సాయం అడగడం మేలు. ఇంట్లో చిన్నవారిని సాయం అడిగేవారు అరుదు. పాత తప్పు గుర్తుంటే, ఫలానా మాట అన్నందుకని స్పష్టంగా చెప్పి క్షమాపణ కోరాలి గాని, "నువ్వు కూడా అన్నావుగా" అని చేర్చకూడదు. పెద్దలు పోలిక తెచ్చినప్పుడు అక్కే అక్కడికక్కడ ఆపడం అన్నిటికంటే ముఖ్యం. ఫలితానికి నెలలు పట్టవచ్చు.

గొడవలు చేయిచేసుకునేదాకా వెళ్లినా, చెల్లెలు రెండు వారాలకు పైగా తిండి, నిద్ర తగ్గి ఎవరితోనూ కలవకపోయినా మానసిక నిపుణులను సంప్రదించాలి. చనిపోవాలన్న మాట వినిపిస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరులో ఉచిత సాయం 24 గంటలూ అందుతుంది.