బావి ఇవతల, చెదల మందు అవతల

హైదరాబాద్‌లో లాల్‌దర్వాజా, గౌలిపురా వైపు పాత ఇళ్లలో పెరటి బావులు ఇంకా కొన్ని ఉన్నాయి. కొన్నింట్లో బోరు దింపారు. నల్లా రాని రోజున ఆ నీళ్లే దిక్కు. కొత్తగా సంసారాలు పెట్టుకునే పిల్లలకు నేను చెప్పేవి ఇవి.

1. నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మొద్దు. పురుగుమందు కొద్దిగా కలిస్తే రంగులోనూ రుచిలోనూ తెలియదు. హైదరాబాద్‌లో 28 ఇళ్ల బావి నీళ్లు పరీక్షిస్తే డీడీటీ, లిండేన్, ఎండోసల్ఫాన్ బయటపడ్డాయని 2006లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అందులో ఆల్ఫా ఎండోసల్ఫాన్ లీటరుకు 1.34 నుంచి 2.14 మైక్రోగ్రాములు. ఇప్పటి తాగునీటి ప్రమాణం ప్రకారం 0.4 దాటకూడదు.

2. పొలాల మందు మన బస్తీకి ఎలా వస్తుందని అడుగుతారు. పొలం దాకా ఎందుకు? చీమలకని గడపల వెంట చల్లిన గమాక్సిన్ పొడిలో ఉండేది లిండేనే. దోమలకని గోడలకు కొట్టినది డీడీటీ. మన కింద ఉన్నది గ్రానైట్ రాయి. పైన మట్టి పలుచగా ఉన్నచోట వాన నీళ్లు వడకట్టుకునే వ్యవధి లేకుండానే పగుళ్లలోకి దిగిపోతాయి.

3. ఇప్పుడు నాకు ఎక్కువ భయం చెదల మందుతో. గోడ మొదట్లో వరసగా రంధ్రాలు వేసి, పాలలా తెల్లగా కలిపిన క్లోర్‌పైరిఫాస్ పోస్తారు. కిరసనాయిలు వాసన రెండు రోజులు పోదు. మన ఇళ్లకు ఉమ్మడి గోడలు. మందు పోయించేది అవతలి వాళ్లు, బావి మాత్రం ఇవతల మనది. తాగే నీటి బావుల్లోకి ఈ మందు చేరకుండా చూడాలని చెదల నివారణకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చిన ప్రమాణంలోనే ఉంది. పని మొదలుపెట్టక ముందే మేస్త్రీకి బావి చూపించండి. ఆ వైపు గోడకు మందు వద్దని గట్టిగా చెప్పండి. మొహమాటపడితే తాగేది మన పిల్లలే.

4. మరగబెట్టినా పురుగుమందు పోదు. 2009లో మన నగరంలోని భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు ప్రాణాలు తీశాక ఊరంతా నీళ్లు కాచుకోవడం మొదలుపెట్టింది. మంచిదే, క్రిములు చస్తాయి. బ్లీచింగ్ పొడి చేసేదీ ఆ పనే. పురుగుమందును పట్టుకునేది యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు. అదీ వేళకు మారిస్తేనే.

5. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపించింది. డీడీటీని పొలాల్లో వాడకూడదని అంతకు ముందే ఆపారు. కానీ డీడీటీ లాంటివి మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

6. బావి గట్టు ఎత్తుగా కట్టి, చుట్టూ సిమెంటు చప్టా వేయించండి. వాడని బోరుకు మూత బిగించండి. మందు డబ్బా కడిగిన నీళ్లు పెరట్లో పారబోయనివ్వొద్దు. నీళ్ల పరీక్షకు ఇచ్చేటప్పుడు పురుగుమందులకు కూడా చూడమని విడిగా రాయించండి. మామూలు పరీక్షలో అవి ఉండవు. నమూనా శుభ్రమైన గాజు సీసాలో పట్టండి, ఎందుకంటే ప్లాస్టిక్ సీసా గోడలకు కొంత మందు అంటుకుని లెక్క తక్కువ చూపిస్తుంది.