వలసలు - తల్లులు

గోదావరి నది నాందేడును దాటి కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశిస్తుంది. కందకుర్తి నిజామాబాదు జిల్లాలోని గ్రామం. 1956 వరకు నాందేడు, నిజామాబాదు జిల్లాలు రెండూ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవి. నాందేడు జిల్లాలోని దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతాలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది.

బతుకుతెరువు కోసం ఊరు విడిచి వెళ్లడాన్ని వలస అంటారు. తెలుగువారికి వలస కొత్త కాదు. పూర్వం నేతపనివారు ఎందరో సోలాపూరు, భివండి, ముంబయి నగరాలకు వెళ్లి స్థిరపడ్డారు. 1973లో ప్రపంచ విపణిలో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. గల్ఫ్ దేశాలకు ధనం చేరింది. అక్కడ రోడ్లు, భవనాలు కట్టడానికి పనివారు కావలసివచ్చారు. నిజామాబాదు, కరీంనగరు జిల్లాల నుండి వేలాది పురుషులు దుబాయి, మస్కట్, కువైట్ వెళ్లారు. వారిలో చాలామంది అప్పు చేసి ప్రయాణమైనవారే.

తండ్రి వెళ్లాక ఇంటి భారమంతా తల్లిదే. పొలం పని, అత్తమామల మందులు, పిల్లల చదువు అన్నీ ఆమే చూడాలి. గల్ఫ్ నుండి వచ్చే తొలి సంపాదన వడ్డీలకే సరిపోతుంది. అంతవరకు ఇల్లు గడిచేది ఎలా? ఈ జిల్లాలలో ఎందరో తల్లులు బీడీలు చుట్టి ఇల్లు నడిపారు. తునికాకును తడిపి, కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కడతారు. కూలి వేయి బీడీల లెక్కన ఇస్తారు. వంట, నీళ్లు, పిల్లల ఆలనాపాలనా ముగిశాకనే చేట ఒళ్లోకి వస్తుంది.

దూరదేశపు సంఘటన ఈ ఇంటి గడపను కూడా తాకుతుంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చారు. ప్రాణాలతో వచ్చారన్న సంతోషం ఒకవైపు, తీరని అప్పు మరొకవైపు. పొగాకు వాడకాన్ని తగ్గించాలని 2003లో ప్రపంచ దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. 2016లో మన దేశంలో పెద్ద హెచ్చరిక బొమ్మల నియమం వచ్చినపుడు బీడీ కంపెనీలు కొంతకాలం పని ఆపాయి. పొగాకు ఆరోగ్యానికి హాని చేస్తుందన్నది నిజం. అయితే దానిపై ఆధారపడిన తల్లులకు మరొక పని చూపడం కూడా అంతే అవసరం.

కొన్ని ఇళ్లలో తల్లే వలస వెళుతుంది. కడప, గోదావరి జిల్లాల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. అక్కడ పరుల పిల్లలను పెంచుతారు. తమ బిడ్డలు అమ్మమ్మల వద్ద పెరుగుతారు.

కుటుంబమంతా కలిసి ఊరు మారినా తల్లి బరువు తగ్గదు. బజారులో మరాఠీ నేర్చుకుంటుంది. ఇంట్లో తెలుగును నిలుపుతుంది. విదేశాల నుండి వచ్చే సొమ్ముకు బ్యాంకులో లెక్క ఉంటుంది. తల్లి ఇంట్లో చేసే పనికి ఏ పుస్తకంలోనూ లెక్క లేదు. ఆ లెక్కను గుర్తించడం, ఆ పనిలో పాలుపంచుకోవడం ఇంటివారందరి బాధ్యత.

ఆలోచించి రాయండి:
1. చమురు ధర పెరగడానికి, నిజామాబాదు జిల్లా వలసలకు గల సంబంధమేమి?
2. బీడీ పని విషయంలో ఏ రెండు అవసరాలను పాఠం చెప్పింది?
3. మీ ఇంట్లో తల్లి ఉదయం నుండి రాత్రి వరకు చేసే పనుల పట్టిక తయారు చేయండి. వాటిలో మీరు చేయగలిగినవి గుర్తించండి.