వనజీవి రామయ్య

బాటల కిరువైపుల చెట్లు నాటించిన వాడెవడని అడిగినచో, అశోకచక్రవర్తి యని ప్రతి విద్యార్థియు తడుముకొనక చెప్పును. బాటసారుల నీడకై మఱ్ఱిచెట్లను నాటించితినని ఆయన శాసనమున చెక్కించెను. అశోకునకు నిండిన బొక్కసము కలదు. ఆజ్ఞను శిరసావహించు అధికారులు కలరు. కాని ధనమును, అధికారమును, పరివారమును లేని ఒక పల్లెవాసి అదే పనికి తన జీవితమంతయు ధారపోసిన చరిత్ర మన తెలుగునేలమీదనే కలదు. ఆ ధన్యజీవి వనజీవి రామయ్య.

తెలంగాణమున ఖమ్మము పట్టణమునకు చేరువనున్న రెడ్డిపల్లి ఆయన గ్రామము. ఆయన యింటిపేరు దరిపల్లి. కాని ఆ పేరుతో ఆయనను పిలిచినవారు అరుదు. ఊరివారు మొదట ‘చెట్ల రామయ్య’ యనిరి. పిదప లోకము ‘వనజీవి’ యనెను. ఆయన చేసిన పనియే ఆయనకు ఇంటిపేరయ్యెను.

విత్తనముపై ఆయనకు కలిగిన మక్కువకు బీజము బాల్యముననే పడెను. మరుసటి పంటకై కూరగాయల విత్తనములను జాగ్రత్తగా దాచు తల్లిని చూచుచు ఆయన పెరిగెను. వెనుకటి దినములలో మన పల్లెటిండ్లలో ఒక మంచి బీరకాయనో, సొరకాయనో కోయక పాదుననే ముదురనిచ్చి, ఎండిన పిమ్మట ఇంటి దూలమునకు వ్రేలాడగట్టెడివారు. నేటి కూరను కొంత తగ్గించుకొని రేపటి పాదును నిలుపుట అందలి నీతి. ఆ నీతిని రామయ్య ఇంటి పెరటితో సరిపుచ్చక ఊరి పొలిమేరలు దాటించెను.

ఆయన వాహనము సైకిలు. దానిపై మొక్కలను పెట్టుకొని, విత్తనములను వెంట గొని, ఊరూర తిరిగెడివాడు. కాలువగట్టు, రహదారి ప్రక్క, బడి ఆవరణము, గుడి ముంగిలి, ఎక్కడ జానెడు నేల ఖాళీగా కనబడిన అక్కడ ఒక మొక్క నాటెడివాడు. భార్య జానమ్మ ఆయనకు ఈ పనిలో తోడునీడయై నిలిచెను. ‘వృక్షో రక్షతి రక్షితః’ అని వ్రాసిన పలకను మెడలో వేసికొని ఆయన నడచుచుండగా చదువు వచ్చినవారు చదివిరి. రానివారు అడిగి తెలిసికొనిరి. చెట్టును మనము కాపాడినచో చెట్టు మనలను కాపాడునని దాని భావము. పారవేసిన రేకులను తెచ్చి, వాటిపై కూడ ఇట్టి మాటలను రంగులతో వ్రాసి నలుగురికి కనబడునట్లు నిలిపెను.

మొక్క నాటుట సులభము. చెట్టును చేయుట కష్టము. నాటుటకు ఒక్క పూట చాలును. కాని లేత మొక్కకు మేకలు శత్రువులు, ఎండలు శత్రువులు, మనుష్యుల అశ్రద్ధ అన్నిటిని మించిన శత్రువు. చుట్టు ముళ్లకంప నాటి, వేరు లోతునకు దిగువరకు వేసవులలో నీరు పోయు చేయి లేకున్నచో ఎంతటి సంబరముతో నాటిన మొక్కయైనను మోడగును. విత్తనము సంగతియు అట్టిదే. వేపపండ్లు జ్యేష్ఠాషాఢములలో రాలును. ఆ గింజలను వెంటనే విత్తవలెను. కొలది వారములు ఆలస్యమైనచో వాటి మొలకెత్తు శక్తి నశించును. ఏ చెట్టు ఎప్పుడు కాయునో, ఏ గింజను ఎన్నడు ఏరవలెనో, ఏ నేలకు ఏది తగునో తెలియుటయే ఈ విద్య. రామయ్య ఈ విద్యను చెట్లయొద్దనే నేర్చెను.

ఈ పనివలన ఆయనకు రాబడి లేదు. పైపెచ్చు, విత్తనములకును మొక్కలకును తనకున్న మూడెకరముల పొలమును కూడ అమ్మివేసెను. తన పొలమును అమ్మి ఊరి బాటలకు చెట్లు పెంచువానిని లోకము ఊరక విడుచునా? తొలినాళ్లలో పిచ్చివాడని నవ్వినవారు కలరు. రామయ్య వారితో వాదింపలేదు. తన పని తాను చేసికొనిపోయెను. కొన్నియేండ్లకు ఆ చెట్లు ఎదిగెను. నవ్వినవారికిని, నవ్వనివారికిని అవి సమముగనే నీడనిచ్చెను.

ఆయన మనస్సెట్టిదో తెలియుటకు ఒక్క సంఘటన చాలును. 2022వ సంవత్సరమున ఒక మోటారు సైకిలు ఢీకొని వృద్ధుడైన రామయ్య గాయపడెను. ఆయన ఆసుపత్రిలో పడక మీదనుండియే, తనను ఢీకొన్నవానిపై కేసు పెట్టవలదనియు, దానికి మారుగా వానిచేత నూరు మొక్కలు నాటింపుడనియు కోరెను. తన గాయమునకు పరిహారముగా కూడ ఆయన చెట్లనే అడిగెను. దండనవలన ఒకడు బాధపడును. ఆ తీర్పువలన ఎందరికో నీడ లభించును.

2017వ సంవత్సరమున భారత ప్రభుత్వము ఆయనకు ‘పద్మశ్రీ’ పురస్కారమిచ్చి గౌరవించెను. ఆయన కోటికి పైగా మొక్కలు నాటెనని లోకము చెప్పుకొనును. బిరుదము వచ్చిన పిమ్మట విశ్రమించుట లోకరీతి. రామయ్యకు మాత్రము పురస్కారమునకు ముందెట్లో తరువాతయు అట్లే మొక్కలే లోకము. ఢిల్లీనుండి తిరిగి వచ్చినవానికి రెడ్డిపల్లిలో నీరు పోయవలసిన మొక్కలు ఎదురుచూచుచుండెను.

2025వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన, ఎనుబదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు గుండెపోటుతో కన్నుమూసెను. ప్రధానమంత్రియు, రాష్ట్ర ముఖ్యమంత్రియు సంతాపము తెలిపిరి. నాడు చైత్రపూర్ణిమ. ఎండలు ముదురుచున్న కాలము. లేత మొక్కకు నీరు పోయు చేయి మిక్కిలి యవసరమైన దినములవి. సరిగా ఆ దినములలోనే ఆ చేయి ఆగిపోయెను.

పెద్దచెట్లకు ఇక ఎవ్వరి సాయమును అక్కరలేదు. వాటి వేళ్లు నేలలోని నీటిని చేరినవి. అవి వాటి విత్తనములను అవియే రాల్చుకొనును. కాని కిందటి వానకాలమున నాటిన మొక్క మాటయేమి? దానికి బిరుదములు తెలియవు, సంతాపసభలు తెలియవు. దానికి కావలసినది సాయంకాలమున ఒక చెంబెడు నీరు.

బాలలారా! గొప్పవారు మరణించినపుడు విగ్రహము నిలుపుట వాడుక. విగ్రహమునకు ఏడాది కొకమారు పూలమాల వేసిన చాలును. చెట్లు పెంచినవాని ఋణము అంత సులభముగ తీరదు. మీ బడికి వచ్చు దారిలో వాడుచున్న మొక్క ఒకటి యుండకపోదు. దానిని నాటినవాడెవడని విచారింపకుడు. నీరు పోసినవాడే దానికి తండ్రి.